43 పళ్ల గేర్: స్పీడోమీటర్ ముల్లు ఎవరి మాట వింటుంది?

ఈరోజు గుప్పిట్లో ఇమిడిపోయే ఒక ప్లాస్టిక్ గేర్ గురించి చెప్పుకుందాం. పాత అమెరికన్ కార్లలో ఇంజన్, గేర్‌బాక్స్ మార్చేవాళ్లు చివరిదాకా మర్చిపోయే పార్ట్ ఇదే.

ముందు ఒక ప్రశ్న. స్పీడోమీటర్‌కి బండి స్పీడ్ తెలుసా? తెలీదు. దానికి తెలిసింది కేబుల్ ఎంత వేగంగా తిరుగుతోందనే ఒక్క విషయమే. 1902లో ఒట్టో షుల్జ్ అనే ఇంజనీర్ జర్మనీలో పేటెంట్ తీసుకున్న డిజైన్ ఇది. కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ, దానికి తగలకుండా, ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, అది కూడా తిరగబోతుంది. సన్నటి స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది.

మరి కేబుల్ ఎంత తిరగాలి? అమెరికన్ కార్లలో స్థిరపడిన లెక్క మైలుకి సుమారు 1000 చుట్లు. గంటకి 60 మైళ్లంటే నిమిషానికో మైలు, అంటే నిమిషానికి 1000 చుట్లు. మన పాత స్ప్లెండర్‌లో కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది, గేర్‌బాక్స్‌తో దానికి పని లేదు. ఆ కార్లలో మాత్రం కేబుల్ గేర్‌బాక్స్ వెనక భాగం నుంచి వస్తుంది. అవుట్‌పుట్ షాఫ్ట్ మీద ఒక డ్రైవ్ గేర్, దానికి ఆనుకుని కేబుల్‌ని తిప్పే డ్రివెన్ గేర్. మన కథలో గేర్ ఈ రెండోదే.

ఇక చరిత్రలోకి వద్దాం. 1973లో ఆయిల్ సంక్షోభం. 1974లో అమెరికా అంతటా 55 మైళ్ల స్పీడ్ లిమిట్. పెట్రోల్ ఆదా చేయక తప్పని పరిస్థితుల్లో, 1982 మోడల్ కార్లతో జనరల్ మోటార్స్ 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ తెచ్చింది. నాలుగో గేర్ రేషియో 0.70. అంటే మూడో గేర్‌తో పోలిస్తే అదే స్పీడ్‌కి ఇంజన్ 30 శాతం తక్కువ తిరుగుతుంది. దాంతో మూడు గేర్ల పాత షెవర్లేలు ఉన్నవాళ్లు ఈ గేర్‌బాక్స్ తెచ్చి తమ కార్లకి బిగించుకోవడం మొదలుపెట్టారు.

ఓవర్‌డ్రైవ్ వల్ల స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. డ్రైవ్ గేర్ ఉండేది గేర్లన్నీ దాటాక, అవుట్‌పుట్ షాఫ్ట్ మీద. ఏ గేర్‌లో ఉన్నా ఆ షాఫ్ట్‌కీ చక్రానికీ మధ్య లెక్క ఒక్కటే. అసలు చిక్కు ఏంటంటే, ఆ గేర్‌బాక్స్‌లోని స్పీడో గేర్లు అది ఊడదీసిన బండి యాక్సిల్‌కీ టైర్లకీ సరిపెట్టినవి.

లెక్క చూద్దాం. 26 అంగుళాల టైర్ మైలుకి సుమారు 776 సార్లు తిరుగుతుంది. యాక్సిల్ రేషియో 3.73 అయితే షాఫ్ట్ 2894 సార్లు తిరుగుతుంది. డ్రైవ్ గేర్‌కి 15 పళ్లుంటే, 2894ని 1000తో భాగించి 15తో గుణించండి. 43.4 వస్తుంది. సగం పన్ను ఉండదు కాబట్టి 43 పెడతారు, తేడా ఒక్క శాతమే. అదే 3.08 యాక్సిల్‌కి 36 పళ్లు కావాలి.

ఇప్పుడు 43 పళ్ల గేర్ అలాగే ఉంచేసి, ఆ గేర్‌బాక్స్‌ని 3.08 యాక్సిల్ ఉన్న కారుకి పెట్టారనుకోండి. ముల్లు 55 దగ్గర ఉన్నప్పుడు కారు నిజంగా 66లో పోతుంది. డ్రైవర్ లిమిట్‌లోనే ఉన్నాననుకుంటాడు. మలుపులో బ్రేక్ వేసేది కూడా ఆ నమ్మకంతోనే. తిరగేసి చూస్తే, 3.73 యాక్సిల్‌కి 36 పళ్లు పెడితే 60కి 72 చూపిస్తుంది.

ఓడోమీటర్ కూడా అదే కేబుల్‌తో నడుస్తుంది. ఈ రెండో కారు 10,000 మైళ్లు తిరిగితే రీడింగ్ 12,000 దాటుతుంది. మొదటి కారైతే తిరిగినదానికంటే తక్కువ చూపిస్తుంది. అమెరికాలో 1972 నాటి ఫెడరల్ చట్టం ఓడోమీటర్ వెనక్కి తిప్పడాన్ని నిషేధించింది. అమ్మేటప్పుడు రీడింగ్ రాసివ్వాలని, అది నిజం కాదని తెలిస్తే ఆ సంగతీ చెప్పాలని పెట్టింది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు ఎక్కడైనా మొదట అడిగేది ఎంత తిరిగిందనే కదా. ఇక్కడ ఎవరూ మోసం చేయాలనుకోలేదు, అయినా అంకె అబద్ధం చెబుతోంది.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. పళ్లు లెక్కపెట్టి సరైన గేర్ వేయాలి. ఒకటి గుర్తుంచుకోండి, పళ్లు పెరిగితే గేర్ సైజు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక దాన్ని పట్టుకునే హౌసింగ్ కూడా మార్చాలి. లేదంటే పళ్లు సరిగ్గా కలవక అరిగిపోతాయి.

1993లో దీని తర్వాతి తరం 4ఎల్60-ఈ వచ్చింది. కేబుల్ బదులు సెన్సర్, గేర్ బదులు కంప్యూటర్‌లో ఒక నంబర్. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక లైన్. అప్పట్లో ఆ లైన్‌ని ప్లాస్టిక్‌లో పళ్లుగా కోసేవారు. నంబర్ ఎక్కడున్నా, యాక్సిల్, టైర్, గేర్‌బాక్స్ ఏది మారినా దాన్ని మళ్లీ సరిచూడాల్సిందే. ముల్లు మాత్రం తనంతట తాను ఎప్పటికీ చెప్పదు.