సరిహద్దు దాటి వచ్చే వేధింపు: పాస్‌పోర్టు విషయంలో మనకున్న రక్షణ

కువైట్‌లో అకామా గడువు పాస్‌పోర్టు గడువును దాటదు. అందుకే మా వారి పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్లిన ప్రతిసారీ, కొత్తది చేతికొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు. విదేశంలో ఉన్న తమ మనిషి నోరు మూయించాలనుకునే ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. పాస్‌పోర్టు ఆపేస్తారు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను బెదిరిస్తారు, లేదా వెనక్కి పంపమని ఉంటున్న దేశాన్ని అడుగుతారు.

ఇక్కడే చూశాం. 2019 జూలైలో ముస్లిం బ్రదర్‌హుడ్ వాళ్లని ఎనిమిది మంది ఈజిప్షియన్లను పట్టుకుని ఆ దేశానికి అప్పగించారు. అక్కడి కోర్టులు వాళ్లకు శిక్ష వేశాయన్నది కువైట్ చెప్పిన కారణం. 1962 నాటి కువైట్ రాజ్యాంగం 46వ అధికరణం మాత్రం రాజకీయ శరణార్థులను అప్పగించకూడదంటుంది. ఎవరు శరణార్థి, ఎవరు నేరస్థుడు అన్న దగ్గరే చిక్కంతా.

కొన్ని దేశాలు దీనికి చట్టాలు చేశాయి. బ్రిటన్‌లో 2023లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. కెనడాలో 2024 జూన్‌లో సి-70 బిల్లు చట్టమైంది. విదేశీ ప్రభుత్వం తరఫున ఎవరినైనా బెదిరిస్తే యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. బాగానే ఉంది. కానీ మన ప్రభుత్వం ఆపిన పాస్‌పోర్టును కెనడా చట్టం తిరిగి ఇప్పించలేదు కదా! దానికి మన చట్టమే దిక్కు.

ఆ చట్టం పుట్టడానికి కారణం ఒక తెలుగాయన. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా అధికారి ఇష్టాన్ని బట్టి పాస్‌పోర్టు కాదనకూడదని ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తీర్పు రాశారు. ఐదుగురిలో ముగ్గురి మాట అది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అయినా ఎమర్జెన్సీలో, ప్రభుత్వాన్ని విమర్శించారని అమెరికాలోని కొందరు భారతీయుల పాస్‌పోర్టులు లాక్కున్నారు. 1978లో మేనకా గాంధీ కేసు తర్వాతే, మన వాదన వినకుండా తీసుకోకూడదన్నది గట్టిపడింది.

మన గల్ఫ్ కుటుంబాలకు రాజకీయాల కంటే 10(3) సెక్షన్‌లోని మరో మాట ముఖ్యం: ఊళ్లో క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చు. భార్యాభర్తల గొడవలూ, పొలం తగాదాలూ అలాగే ఇక్కడిదాకా వస్తాయి. కారణం రాతలో ఇవ్వమని 10(5) కింద అడగొచ్చు. దేశ భద్రత వంటివైతే చూపించకపోవచ్చు. 11వ సెక్షన్ కింద అప్పీలుంది. కేంద్రమే నేరుగా ఉత్తర్వు ఇస్తే అది ఉండదు, హైకోర్టుకు వెళ్లాలి. నోటీసు ఊరి అడ్రసుకు వెళ్లొచ్చు కాబట్టి, పోస్టులో ఏ కవరు వచ్చినా ఫొటో తీసి పంపమని ఇంట్లో పెద్దవాళ్లకు ఇవాళే చెప్పండి.