ఐదో అమ్మాయి

రేపు పొద్దున మా మనవరాలు పరుగు పందెంలో పాల్గొంటోంది. మిన్నెసోటా రాష్ట్ర హైస్కూలు బాలికల క్రాస్ కంట్రీ చాంపియన్‌షిప్ అది. ట్రాక్ మీద కాదు, పచ్చిక మీద, ఎత్తుపల్లాల మీద, నవంబరు చలిలో 5 కిలోమీటర్లు. రాత్రి అన్నాల దగ్గర, పోటీ గురించి ముందుగా వచ్చిన ఓ కథనాన్ని నాకు చదివి వినిపించింది. ఎవరు గెలవొచ్చు, నిరుడు ఎవరు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తారు, ఈ ఏడు ఎవరు వెనకబడ్డారు, అన్నీ ఉన్నాయి. దాని పేరు మాత్రం లేదు. "నేను మా టీమ్‌లో ఐదోదాన్ని అమ్మమ్మా. ఐదోదాని గురించి ఎవరు రాస్తారు?" అని నవ్వేసి పడుకోవడానికి వెళ్లిపోయింది.

నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. ఆ 5 కిలోమీటర్ల అంకె దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆడపిల్ల ఎంత దూరం పరిగెత్తాలో ఎవరు నిర్ణయించారు? ఎప్పుడు?

వరంగల్ జిల్లాలో నేను హైస్కూల్లో చదివే రోజుల్లో పంద్రాగస్టుకి ఆటల పోటీలు పెట్టేవాళ్లు. మగపిల్లలకు పరుగు పందాలు, లాంగ్ జంప్. మాకు కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ. పెద్దమనిషైన పిల్లలకు అవి కూడా ఉండేవి కావు. "ఆడది పరిగెడితే గర్భసంచి జారుద్ది" అనేది మా నాయనమ్మ. అది మా పల్లెటూరి అజ్ఞానమని చాలాకాలం అనుకున్నాను. చదువుకుంటూ పోతే తెలిసింది, ఐరోపాలోనూ అమెరికాలోనూ డాక్టర్లూ క్రీడాధికారులూ అదే భయాన్ని శాస్త్రం పేరుతో చెబుతూ వచ్చారని.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిది మంది పరిగెత్తారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. తొమ్మిది మందీ పందెం పూర్తి చేశారు. కానీ పత్రికలు మాత్రం సగం మంది మధ్యలోనే ఆగిపోయారనీ, మిగతావాళ్లు కుప్పకూలిపోయారనీ, చూడలేని దృశ్యమనీ రాశాయి. పందెం అయ్యాక ఒకరిద్దరు గడ్డి మీద వాలి ఆయాసపడి ఉంటారు. ఆ మాత్రం మగవాళ్లు మాత్రం వాలరా? ఆ కథనాలను సాకుగా చూపి ఆ పందాన్ని ఎత్తేశారు. మళ్లీ 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా, అంటే 32 ఏళ్లు, ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు.

దీని పక్కన ఇంకో దృశ్యం పెట్టి చూడండి. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి స్టేడియంలోకి వచ్చాక పదే పదే పడిపోయాడు. అధికారులు లేపి గీత దాటించారు. సాయం తీసుకున్నందుకు అతన్ని అనర్హుడిగా ప్రకటించారు. మర్నాడు రాణి అలెగ్జాండ్రా అతనికి వెండి కప్పు బహూకరించింది. పురుషులకు మారథాన్ వద్దని ఎవరూ అనలేదు. మగవాడు పడిపోతే అది అతని పట్టుదల. ఆడది అలసిపోతే అది ఆమె జాతి మొత్తం బలహీనత! ఒక శరీరానికి వీరగాథ, ఇంకో శరీరానికి నిషేధం.

ఇక ఈ మిన్నెసోటా సంగతికి వస్తాను. ఇక్కడి పిల్లలకు ఈ పరుగు ఊరికే రాలేదు. 1970ల మొదట్లో ఇక్కడి చాలా స్కూళ్లలో అమ్మాయిలకు క్రాస్ కంట్రీ జట్టే లేదు. అబ్బాయిల జట్టులో చేరదామంటే, రాష్ట్ర హైస్కూలు లీగ్ నిబంధన ఒప్పుకోదు. టోనీ సెయింట్ పియర్ అనే విద్యార్థిని పరిగెత్తాలనుకుంది. పెగ్గీ బ్రెండెన్ అనే ఇంకో విద్యార్థిని టెన్నిస్ ఆడాలనుకుంది. ఇద్దరూ కోర్టుకెక్కారు. ఆడామగా శరీరాల మధ్య తేడాలే లీగ్ చేసిన వాదన. 1972 మే 1న ఫెడరల్ జడ్జి మైల్స్ లార్డ్ ఆ అమ్మాయిలకు అనుకూలంగా తీర్పు చెప్పాడు. సగటు ఆడపిల్ల ఎలా ఉంటుందన్నది కాదు, ఈ ఇద్దరూ ఆడగలరా లేదా అన్నదే చూశాడు. తీర్పు ఆ ఇద్దరికే పరిమితం. లీగ్ అప్పీలు చేస్తే 1973లో పై కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలల్లోపే, 1972 జూన్ 23న, టైటిల్ నైన్ చట్టమయింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదన్న చట్టం అది. 1971-72లో అమెరికా హైస్కూళ్లలో క్రీడల్లో ఉన్న అమ్మాయిలు సుమారు 2 లక్షల 94 వేలు. అబ్బాయిలు 36 లక్షల పైమాటే. 2018-19 నాటికి అమ్మాయిల సంఖ్య 34 లక్షలు దాటింది. అమ్మాయిలకు ఆసక్తి ఉండదు అనే మాటకు ఈ అంకెల కన్నా వేరే జవాబు అక్కర్లేదు.

మైదానంలోకి రానిచ్చారు సరే, సమానమైన దూరం ఇచ్చారా? లేదు. మిన్నెసోటాలో 2015 దాకా అబ్బాయిలకు 5 కిలోమీటర్లు, అమ్మాయిలకు 4. పొరుగునున్న అయోవా కూడా ఆ ఏడే మార్చింది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ అనగానే మనకు సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న పి.టి. ఉష గుర్తుకొస్తుంది. స్త్రీలకు మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ జరిగింది కూడా అక్కడే. జోన్ బెనాయిట్ 42 కిలోమీటర్ల పైచిలుకు దూరం పరిగెత్తి గెలిచింది. అది జరిగి 30 ఏళ్లయినా, ఇక్కడి ఆడపిల్లలకు ఆఖరి కిలోమీటరు ఇవ్వడానికి చేతులు రాలేదు! ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో పెద్దవాళ్లకు సమాన దూరం వచ్చింది 2017లో, కంపాలాలో. 20 ఏళ్లలోపు వాళ్లకు మాత్రం 2024 బెల్‌గ్రేడ్ పోటీల్లో కూడా అబ్బాయిలకు 8, అమ్మాయిలకు 6.

అయితే దూరం సమానమైతే చాలా? రాత్రి విన్న ఆ కథనం నన్ను ఈ ప్రశ్న దగ్గరికి తెచ్చింది. తొమ్మిదో తరగతిలో మెరుపులా పరిగెత్తిన పిల్ల పదకొండో తరగతికి వచ్చేసరికి అర నిమిషం నెమ్మదించిందట. "ఏమైంది ఆమెకు?" అని అడుగుతోంది కథనం. ఏమవుతుంది? ఎదిగింది. ఈడొచ్చాక మగపిల్లల్లో కండ పెరుగుతుంది, ఏటికేడు వేగం పెరుగుతుంది. ఆడపిల్లల్లో నడుము విశాలమవుతుంది, కొవ్వు పెరుగుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్లు వేగం ఆగిపోతుంది, తగ్గుతుంది కూడా. ఆ శరీరం కుదురుకున్నాక ఇరవైల్లో మళ్లీ పుంజుకుంటుంది. పరుగు క్రీడాకారిణి లారెన్ ఫ్లెష్‌మన్ 2023లో ప్రచురించిన తన పుస్తకంలో సరిగ్గా ఈ విషయమే మాట్లాడింది. మగపిల్లల ఎదుగుదలను కొలబద్దగా పెట్టి ఆడపిల్లల్ని కొలుస్తున్నారని.

ఆ కొలబద్దకు సరిపోవాలని పిల్లలు ఏం చేస్తారు? తిండి మానేస్తారు. నెలసరి ఆగిపోతే, బాగా సాధన చేస్తున్నామనుకుంటారు. ఎముకలు పలచబడి విరుగుతాయి. 17 ఏళ్లకే ప్రపంచ పోటీల్లో పరిగెత్తిన మేరీ కెయిన్ 2019లో బయటికొచ్చి చెప్పింది, బరువు తగ్గాలన్న ఒత్తిడిలో మూడేళ్లు తనకు నెలసరి రాలేదనీ, ఐదు ఎముకలు విరిగాయనీ. ఇంకోపక్క ఫ్లోరిడా రాష్ట్రంలో క్రీడల్లో చేరే ఆడపిల్లలు నింపే ఫారాల్లో నెలసరి ప్రశ్నలుండేవి. ఆ వివరాలు ఎవరి చేతికి వెళతాయోనని తల్లిదండ్రులు గొడవ చేశాక 2023 ఫిబ్రవరిలో తీసేశారు. ఆడపిల్ల నెలసరి గురించి ఆరా తీసేవాళ్లున్నారు, అది ఆగిపోతే ఆమెకు అన్నం పెట్టి కూచోబెట్టి మాట్లాడేవాళ్లు తక్కువ.

నిన్నటిదాకా "నువ్వు మగపిల్లల్లా పరిగెత్తలేవు" అన్నారు. ఇవాళ "మగపిల్లల్లా ఎందుకు ఎదగవు?" అంటున్నారు. రెంటిలోనూ ప్రమాణం మగ శరీరమే. మనం సమానత్వం అడిగాం, సాధించుకున్నాం, దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ సమానమైన దూరం వేరు, ఒకే గడియారం వేరు. ఈ తేడాను మనం గట్టిగా చెప్పకపోతే, తేడా మాట ఎత్తగానే "అయితే మళ్లీ 4 కిలోమీటర్లు పరిగెత్తండి" అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు.

ఈ పందెంలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. జట్టుకు ఏడుగురు పరిగెత్తుతారు. మొదటి ఐదుగురి స్థానాలు కూడుతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్లే గెలిచినట్టు. మొదటి స్థానం వచ్చిన పిల్లకు ఒకటే పాయింటు, ఆమె ఎంత ముందు వచ్చినా అంతకన్నా తగ్గదు. ఐదో అమ్మాయి దగ్గర మాత్రం పది మంది దాటిపోయినా, పది మందిని దాటినా లెక్క తారుమారవుతుంది. పోటీకి ముందు రాసే కథనాలు ముందు పరిగెత్తే పిల్ల చుట్టూ తిరుగుతాయి. జట్టు గెలుపు చాలాసార్లు వెనకెక్కడో గుంపులో ఆయాసపడుతున్న ఐదో పిల్ల కాళ్లలో ఉంటుంది. ఉద్యమాల చరిత్ర కూడా అంతే కదా!

అందుకే రేపటి పోటీ గురించి నా కథనం నేను రాసుకుంటున్నాను. ఎవరు గెలుస్తారో నాకు తెలియదు. నిరుటి కన్నా మా పిల్ల పన్నెండు సెకన్లు నెమ్మదించింది. ఈ ఏడు రెండంగుళాలు పొడుగైంది. రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది. పడుకోబోయే ముందు మ్యాపు తెచ్చి ఒకచోట వేలు పెట్టి చూపించింది. "ఆఖరి మిట్ట దగ్గర నిలబడు అమ్మమ్మా. నేను అలసిపోయేది అక్కడే."

అక్కడే నిలబడతాను.