చెవిలో చప్పుడు – దాని వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర

వయసు పైబడ్డాక చెవిలో హోరు మనలో చాలామందికి అనుభవమే. అయితే అది ఈల వేసినట్లు ఎడతెగకుండా కాక, నాడితో సమానంగా 'జుమ్ జుమ్' అని కొట్టుకుంటే దాని కథ వేరు. ఆ కథ చదివినంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

గుండె నుంచి రక్తం ధమనులలో జోరుగా వస్తుంది. వెంట్రుకల కంటే సన్నని కేశనాళికలలో నెమ్మదించి, ఆ తర్వాతనే సిరలకు చేరుతుంది. మన ఆఫీసు భాషలో 'త్రూ ప్రాపర్ ఛానల్' అన్నమాట. కొందరిలో తలకు దెబ్బ తగిలి, కొందరిలో ఏ దెబ్బా లేకుండానే, మెదడు పైపొరలలోనో కంటి వెనుకనో ధమని నేరుగా సిరలోకి తెరుచుకుంటుంది. దీన్ని ఫిస్టులా అంటారు. (ఆ మాట వినగానే మనవాళ్ళకు తోచే వ్యాధి ఇది కాదు.) డయాలిసిస్ రోగుల చేతిలో డాక్టర్లే కావాలని ఇలాంటి కలయిక చేస్తారు. దానిపై వేలు ఆనిస్తే జుమ్మని తెలుస్తుంది. తలలో పుట్టే చప్పుడూ అటువంటిదే. సిర గోడ పలుచన కనుక వత్తిడికి ఉబ్బుతుంది. కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకు రావచ్చు, చూపు పోవచ్చు, మెదడులో రక్తం చిమ్మవచ్చు.

1809లో లండన్ సర్జన్ బెంజమిన్ ట్రావర్స్ దగ్గరకు ఇటువంటి కన్నుతో ఒక స్త్రీ వచ్చింది. కొన్నేళ్ళ క్రితం గర్భవతిగా ఉండగా తలలో ఏదో టప్పున తెగినట్లయి, అప్పటి నుంచి చప్పుడు వినిపిస్తోందట. మత్తుమందు లేని రోజులవి. ఆయన మెడలోని పెద్ద ధమనిని దారంతో కట్టివేశాడు. ఆమె కోలుకుంది. లోపల ఏముందో కంటితో చూసే మార్గం లేదు కనుక నూరేళ్ళకు పైగా ఈ కట్టడమే ముఖ్యమైన వైద్యంగా సాగింది. కట్టినా రక్తం వేరే దారి వెతుక్కునేది. కొందరికి పక్షవాతం వచ్చేది.

ఆ లోపలిని చూపించినవాడు లిస్బన్ వైద్యుడు ఎగాస్ మోనిజ్. అంతకు ముందు పోర్చుగల్ విదేశాంగ మంత్రిగా చేసినవాడు. కీళ్ళవాతంతో చేతులు వంకరపోవడం వల్ల సూది పని శిష్యుడు అల్మేడా లిమా చేసేవాడు. ఎక్స్‌రేలో కనబడే ద్రవం ధమనిలోకి ఎక్కించడం వారి ఆలోచన. మొదట వాడిన స్ట్రాన్షియం బ్రోమైడ్‌తో ఒక రోగి చనిపోయాడు. సోడియం అయోడైడ్‌కు మారాక, 1927 జూన్‌లో బ్రతికున్న మనిషి మెదడు రక్తనాళాలు ఫిల్ముపై స్పష్టంగా కనిపించాయి. తరువాత వాడిన థోరోట్రాస్ట్ రేడియోధార్మిక పదార్థం. ఏళ్ళు గడిచాక అది ఎందరికో కాలేయ క్యాన్సరు తెచ్చింది. 1949లో మోనిజ్‌కు నోబెల్ ఇచ్చారు గాని, ఇందుకు కాదు, పిచ్చికి మెదడు కోసే ఆపరేషనుకు! ఆ ఆపరేషనును తరువాత లోకమే వదిలేసింది. బహుమతి ఈ ఫోటోకే రావలసిందని నా అభిప్రాయం.

1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ సూది, తీగె సాయంతో ధమనిలోకి సన్నని గొట్టం పంపే పద్ధతి చెప్పాడు. దానితో మెడలో పొడవనక్కర లేకుండా గజ్జల నుంచే తలదాకా వెళ్ళడానికి దారి ఏర్పడింది. ఇక మాస్కో డాక్టరు సెర్బినెంకో సంగతి. మే డే ఉత్సవంలో పిల్లల చేతుల్లోని బెలూన్లు దారంతో అటూ ఇటూ కదలడం చూసి ఆయనకు ఆలోచన తట్టిందంటారు. గొట్టం కొసన చిన్న బెలూన్ అమర్చి, రంధ్రం దగ్గర ఉబ్బించి, అక్కడే వదిలి రావడం! 1974లో ఆ అనుభవాలు అమెరికా న్యూరోసర్జరీ పత్రికలో వచ్చాయి. పుర్రె తెరవకుండా రంధ్రం మూసే కాలం అలా మొదలయింది. తరువాత ప్లాటినం తీగ చుట్టలు, గట్టిపడే ద్రవాలు వచ్చాయి.

అన్నిటినీ మూయనవసరం లేదు. రక్తం మెదడు సిరలలోకి వెనక్కి తన్నుతున్నదా లేదా అన్నదే ముఖ్యమని 1995లో వచ్చిన రెండు వర్గీకరణలు తేల్చాయి. వెనక్కి తన్నితే మెదడు నీరుపట్టి మతిమరుపు కూడా వస్తుంది. ఇంట్లోవాళ్ళు ముసలితనం అనుకుంటారు. రంధ్రం మూశాక ఆ జ్ఞాపకశక్తి తిరిగి వచ్చినవారున్నారు. మామూలు సి.టి. స్కానులో ఇది దొరక్కపోవచ్చు. చెవి వెనుక స్టెతస్కోపు పెడితే కొన్నిసార్లు డాక్టరుకూ ఆ చప్పుడు వినిపిస్తుంది. ఖాయపరచేది మాత్రం ఇప్పటికీ మోనిజ్ చూపిన యాంజియోగ్రామే.