ప్రమాదానంతర మనోవ్యథ

ఘోరమైన రోడ్డు ప్రమాదమునుండి ప్రాణములతో బయటపడినవారికి, గాయములు మానిన పిమ్మటను, చిత్తమున నిలిచిపోవు భీతి, దుఃఖము, అపరాధభావము మున్నగువాని సముదాయము. బస్సు బ్రేకు కీచుమన్నంతనే ముందు సీటు కడ్డీని బిగించి పట్టుకొనుట, ప్రమాదము జరిగిన మలుపును తప్పించి చుట్టుదారిన పోవుట, నిద్రలో ఉలికిపడి లేచుట, తోడివారు మరణింపఁగా తాను మిగిలినందులకు కుములుట దీని లక్షణములు. తొలి వారములలో నివి యెవరికైనను సహజములే. నెల గడచినను తగ్గక నిత్యకృత్యములకు అడ్డుపడినచో వైద్యులు దీనిని వ్యాధిగా గణింతురు. అమెరికా మనోవైద్య సంఘము 1980లో తన రోగనిర్ణయ గ్రంథమున నిట్టి వ్యాధికి స్థానము కల్పించినది.

నర్తకి సుధాచంద్రన్ వృత్తాంతము తెలుగువారికి సుపరిచితము. 1981లో తమిళనాడున జరిగిన బస్సు ప్రమాదమున గాయపడి, కుళ్లు సోకిన కుడికాలిని కోల్పోయిన యామె, రబ్బరు పాదము గల జైపూరు కాలు ధరించి, నొప్పిని సహించుచు అడుగులు మరల నేర్చి, 1984లో రంగస్థలము నెక్కినది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున వెలువడిన ‘మయూరి’ చిత్రమున తన కథను తానే అభినయించినది. అయినను ఇట్టి ధీరతను ప్రతి క్షతగాత్రునినుండి ఆశించుట న్యాయము కాదు. “ప్రాణము దక్కినది, అదే పదివేలు” అను బంధువుల ఊరడింపు సద్భావముతో పలికినదే యైనను బాధితుని నోరు మూయించును. జరిగినదంతయు చెప్పుమని బలవంతపెట్టుటయు మేలు చేయదు. భయపడిన దారిని నిపుణుని తోడ్పాటున క్రమక్రమముగా మరల ఎదుర్కొనఁజేయు చికిత్స ఫలప్రదమని రుజువైనది. భారత ప్రభుత్వపు టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినవారికి తెలుగులోను ఉచితముగా సలహా లభించును.