పాఠశాల కంప్యూటర్లలో పరిమిత ఖాతాలు

ఒకే కంప్యూటర్‌ను పలువురు విద్యార్థులు వాడేచోట, ఒకరు చేసిన మార్పు ఇంకొకరి పనిని చెడగొట్టకుండా హద్దులు పెట్టి ఇచ్చే లాగిన్‌ను పరిమిత ఖాతా అంటారు. అందులో పిల్లలు టైపు చేసుకోవచ్చు, బొమ్మలు వేసుకోవచ్చు, వాటిని దాచుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, సిస్టమ్ ఫైళ్లు తీసేయడం మాత్రం అడ్మినిస్ట్రేటర్‌కే సాధ్యం.

ఈ ఏర్పాటు బడిలో పుట్టింది కాదు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ వ్యవస్థలో ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడేవారు. ఎవరి ఫైళ్లు వారికే దక్కాలని పాస్‌వర్డులు పెట్టారు. హద్దు దాటే ప్రయత్నమూ ఆ వెంటే వచ్చింది. తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలక, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి 1962లో పాస్‌వర్డుల ఫైలునంతా ప్రింటు తీయించుకున్నాడు.

భారతదేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటిలో ఖాతాలు లేవు, అవసరమూ లేదు. బేసిక్ భాష చెరపడానికి వీల్లేని చిప్‌లో ఉండేది కాబట్టి, పిల్లలు ఏం చేసినా ఆపి మళ్లీ వేస్తే యంత్రం మొదటికి వచ్చేది. చిక్కంతా, చేసిన మార్పు నిలిచిపోయే హార్డ్‌డిస్కులతో వచ్చింది. విండోస్ 95, 98లలో పాస్‌వర్డు అడిగే పెట్టె కనిపించినా, ఎస్కేప్ మీట నొక్కితే చాలు, లోపలికి వెళ్లిపోవచ్చు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే సామాన్య కంప్యూటర్లకు ‘లిమిటెడ్’ అనే ఖాతా అందింది.

తెలుగునాట దీని అవసరం పెద్ద ఎత్తున కనిపించింది 2008 తర్వాతే. కేంద్రం 2004 డిసెంబరులో ప్రారంభించిన ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పథకం కింద, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుమారు 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు తలపెట్టింది. ఈ ల్యాబుల కోసం ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను ఎంచుకున్నారు. ఒక కంప్యూటర్‌కు కార్డు అమర్చి, దాని నుంచే పలు మానిటర్లు, కీబోర్డులు నడిపిస్తారు. ఖర్చు తగ్గుతుంది, కానీ ఇక్కడ కంప్యూటరూ ఒకటే, విండోస్ కూడా ఒకటే. ఒక్క పిల్లవాడికి అడ్మిన్ హక్కులు ఇస్తే, వాడు తీసేసిన ప్రోగ్రాం పక్కవాళ్ల తెరల మీదా మాయమవుతుంది. ఇలాంటి ల్యాబుకు పరిమిత ఖాతా ఐచ్ఛికం కాదు, ప్రాణాధారం.

ఈ ల్యాబులను ప్రైవేటు సంస్థలు నెలకొల్పి, కొన్నేళ్లు నడిపి, ఆ తర్వాత ప్రభుత్వానికి అప్పగించాల్సి ఉండేది. అప్పగించేటప్పుడు కంప్యూటర్లతో పాటు అడ్మిన్ పాస్‌వర్డు కూడా బడికి చేరాలి. అది చేరకపోతే చిన్న మరమ్మతుకైనా విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవలసి రావచ్చు.

అదే 2008 నవంబరులో కాన్ఫికర్ వైరస్ బయటపడింది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా, నెట్‌వర్క్ ద్వారా కూడా పాకేది. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చే చెడు ప్రోగ్రాం పరిమిత ఖాతాలో నడిస్తే నష్టం చాలావరకు ఆ ఖాతాతో ఆగుతుంది. నెట్‌వర్క్ దారిన వచ్చేదాన్ని మాత్రం ఖాతా ఆపలేదు, దానికి అప్‌డేట్ కావాలి.

మైక్రోసాఫ్ట్ 2007లో ఇచ్చిన స్టెడీస్టేట్ ఇంకో అడుగు ముందుకేసింది. రీస్టార్ట్ చేస్తే చాలు, డిస్కు పాత స్థితికి వచ్చేసేది. ల్యాబ్ చూసే ఉపాధ్యాయుడికి ఇది ఊరట. విద్యార్థికి మాత్రం అన్యాయం జరిగే వీలుండేది: విడిగా దాచే చోటు చూపకపోతే నిన్న టైపు చేసిన వ్యాసం ఈరోజు ఉండేది కాదు. తన పేరుతో ఒక ఫోల్డరు, అందులో నిన్నటి పని భద్రంగా ఉండడం బడి ఖాతాకు కనీస ధర్మం. తరగతి మొత్తానికి ఒకే ‘స్టూడెంట్’ లాగిన్ పెట్టినా ఆ ధర్మం తప్పినట్టే. ఒకరి ఫైలును ఇంకొకరు చెరపకుండా అది కాపాడలేదు.

ల్యాబుల తర్వాత ట్యాబ్‌ల వంతు వచ్చింది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. వాటిలో బైజూస్ పాఠాలతో పాటు, దూరం నుంచే పరికరాన్ని అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌నూ పెట్టారు. ట్యాబ్ ఒక్కరిదే కనుక పంచుకోవడంలోని గొడవ ఉండేది కాదు. పిల్లలు ఏం చూడాలి, ఏ యాప్ తెరవాలి అన్నదే ఇక్కడ హద్దు. ఆ జాబితా తయారయ్యేది రాష్ట్ర స్థాయిలో. తరగతి ఉపాధ్యాయుడి చేతిలో అడ్మిన్ హక్కు ఉండేది కాదు.