మేగజీన్ మార్చే వ్యవధి: అమెరికా బహిరంగ కాల్పుల్లో పక్కనున్నవారి ప్రతిఘటన

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం. కాన్సాస్ రాష్ట్రం ఒలేత్‌లో ఒక బార్. టీవీలో బాస్కెట్‌బాల్ ఆట నడుస్తోంది. అక్కడ జరిగిన కాల్పుల్లో కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు, మాదసాని అలోక్ గాయపడ్డారు. ఈ సంగతి తెలుగు పత్రికలన్నీ రాశాయి. మూడో బాధితుడు ఇయాన్ గ్రిలట్‌కు అప్పుడు 24 ఏళ్లు. అతను బల్ల కింద నక్కి, తుపాకీ పేలినప్పుడల్లా లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది అయ్యేసరికి తూటాలు అయిపోయాయనుకుని లేచి, పారిపోతున్న దుండగుడి వెంటపడ్డాడు. లెక్క తప్పింది. వాడు వెనుదిరిగి కాల్చిన తూటా గ్రిలట్ చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగింది.

అతని దగ్గరా తుపాకీ ఉంటే ఏమయ్యేది? అమెరికాలో ఈ ప్రశ్న వెనక పెద్ద రాజకీయమే ఉంది. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో పిల్లలు హతమైన వారానికే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నాయకుడు వేన్ లాపియేర్ తేల్చి చెప్పేశాడు: తుపాకీ పట్టిన దుర్మార్గుణ్ణి ఆపగలిగేది తుపాకీ పట్టిన మంచివాడేనట. లెక్కలు ఆ మాటకు వంత పాడవు.

2000 నుంచి 2013 వరకు జరిగిన ఇలాంటి 160 కాల్పుల ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. వాటిలో 21 ఘటనల్లో ఆయుధం లేనివాళ్లే దుండగుణ్ణి పట్టి అదిమేశారు. ఆ 21లో 11 చోట్ల ఆ పని చేసింది బడుల ప్రిన్సిపాళ్లు, టీచర్లు, సిబ్బంది, విద్యార్థులు. పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులు జరపగా ముగిసినవి ఐదే. ఆ ఐదింటిలోనూ నాలుగు చోట్ల తుపాకీ పట్టింది కాపలా సిబ్బంది. లైసెన్సు తుపాకీ ఉన్న మామూలు పౌరుడు ఒక్కడే. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ కేంద్రం 2021 దాకా పోగుచేసిన 433 ఘటనల్లోనూ పక్కనున్నవాళ్లు ఆపినవి 64. వాటిలో 42 చోట్ల ఒడిసి పట్టుకున్నారు, 22 చోట్ల కాల్చారు.

ఈ అంకెలు చూసి ఉత్తచేతులే మేలని తీర్పు చెప్పడం తొందరపాటే. పట్టికలో గెలిచినవాళ్లే కనిపిస్తారు. మీదికి దూకి ఓడినవాళ్లు మృతుల సంఖ్యలో కలిసిపోతారు. గెలిచినా ప్రాణం దక్కుతుందన్న హామీ లేదు. 2019లో షార్లట్‌లోని విశ్వవిద్యాలయ తరగతి గదిలో హంతకుణ్ణి కిందపడేసిన విద్యార్థి రైలీ హావెల్ అక్కడే చనిపోయాడు. పైగా బడుల్లాంటి చోట్ల మామూలు పౌరులు చాలావరకు తుపాకీ తీసుకెళ్లకూడదు కాబట్టి సాయుధుల అంకె చిన్నదిగా ఉండటంలో వింతేమీ లేదు. తుపాకీ పక్షంవాళ్ల ఈ అభ్యంతరం న్యాయమైనదే.

అందుకే అంకెలను పక్కనపెట్టి, ఒక ఘటనను దగ్గరగా చూద్దాం. 2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ ముందు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ ప్రజలను కలుస్తున్నారు. దుండగుడి పిస్తోలులో 33 తూటాలు పట్టే మేగజీన్ ఉంది. ఆరుగురు చనిపోయారు. మేగజీన్ ఖాళీ అయ్యాకే జనానికి సందు దొరికింది. తలకు గాయమైన 74 ఏళ్ల రిటైర్డ్ కర్నల్ బిల్ బ్యాడ్జర్, మరికొందరు వాణ్ణి పడదోశారు. 61 ఏళ్ల పట్రీషియా మైష్ వాడి చేతికందబోతున్న కొత్త మేగజీన్‌ను లాగేసుకున్నారు.

అంతలో పక్క దుకాణంలోంచి జో జముడియో అనే యువకుడు పరుగున వచ్చాడు. జేబులో పిస్తోలు ఉంది, చెయ్యి దానిమీదే ఉంది. ఎదురుగా ఒకతను తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. హంతకుడు అతనే అనుకున్నాడు జముడియో. నిజానికి అతను హంతకుడి చేతిలోంచి ఆ తుపాకీ లాక్కున్నవాడు. జముడియో కాల్చకుండా అతని మణికట్టు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. 2021 జూన్‌లో కొలరాడోలోని ఆర్వాడాలో ఆ అదృష్టం కలిసిరాలేదు. పోలీసు అధికారిని చంపిన దుండగుణ్ణి కాల్చి ఆపిన జానీ హర్లీ, వాడి రైఫిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత వచ్చిన పోలీసు అతన్నే కాల్చి చంపాడు. ఉత్తచేతులతో దూకినవాణ్ణి ఇలా పొరబడటం అరుదు.

దూరం పెరిగితే మాత్రం చేతులు పనికిరావు. 2022 జూలైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో కొనుగోళ్లకు వచ్చిన 22 ఏళ్ల యువకుడు దాదాపు 35 మీటర్ల దూరం నుంచి దుండగుడిపై పది తూటాలు పేల్చాడు. ఎనిమిది తగిలాయి. దాడి మొదలైన 15 సెకన్లలో ముగిసింది. అప్పటికే ముగ్గురు పోయారు. అంత గురి ఎంతమందికి ఉంటుంది?

కనుక ఆయుధం ఉందా లేదా అనేదానికన్నా దూరం ఎంత, తుపాకీ ఎంతసేపు మౌనంగా ఉంది అనేవే నా దృష్టిలో అసలు కొలతలు. 2018లో నాష్‌విల్ వద్ద ఒక వాఫుల్ హోటల్లో జేమ్స్ షా బాత్‌రూమ్ తలుపు చాటున ఆ మౌనం కోసమే కాచుకున్నాడు. రైఫిల్ ఆగగానే దూకి, కాలుతున్న గొట్టాన్ని పట్టి గుంజాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది.

ఆ మౌనం ఎన్ని తూటాలకు ఒకసారి వస్తుందనేది మేగజీన్ చేతిలో ఉంది. 1994 నుంచి 2004 వరకు దేశమంతటా కొత్త మేగజీన్లకు 10 తూటాల పరిమితి ఉండేది. కాలిఫోర్నియాలో ఇప్పుడూ పదే, కొలరాడోలో 2013 నుంచి 15. చట్టం వచ్చినంత మాత్రాన పాత మేగజీన్లు మాయం కావు, అది వేరే సంగతి. కాన్సాస్‌లో ఏ పరిమితీ లేదు. అక్కడ బల్ల కింద నక్కినవాడికి తొమ్మిది దగ్గర లేవాలో, పదిహేడు దగ్గర లేవాలో తెలిసే దారి లేదు.