తునకల చరిత్ర: చంద్రపూర్ సీమలో పెద్దకూర పొదుపు

పెద్దకూరను సన్నగా, పొడవుగా కోసి ఎండబెట్టిన ముక్కలను తెలంగాణలో తునకలంటారు. పెద్దకూర అంటే గొడ్డుమాంసం: ఆవు, ఎద్దు, గేదె, దున్నల మాంసం. తునకలనే విదర్భ, మరాఠ్వాడాల్లో మరాఠీవారు చాన్యా అంటారు. తెలుగు, మరాఠీ కలిసి వినిపించే మహారాష్ట్రలోని చంద్రపూర్ సీమలో ఈ రెండు మాటలూ పరిచయమైనవే. కూర దొరకని రోజుల్లోనూ, దొరికినా కొనలేని రోజుల్లోనూ పేద ఇళ్లను ఆదుకున్న తిండి ఇది.

దీని మూలం పాత ఊరి కట్టుబాట్లలో ఉంది. మహారాష్ట్రలో ఊరి చాకిరీకి ధాన్యం వాటా ఇచ్చే బలుతా పద్ధతిలో చచ్చిన పశువును ఊరి బయటికి మోసుకెళ్లే పని మహార్లది, తెలుగు పల్లెల్లో ఆ పని ప్రధానంగా మాదిగలది. తోలు చెప్పులకు, మోట బావి తొండాలకు పోయేది. చాకిరీకి సరైన కూలి దక్కేది కాదు, మాంసం మాత్రం వారి వాడకు మిగిలేది. ఒక గొడ్డు పడితే మణుగుల కొద్దీ కూర ఒక్కరోజే వచ్చేది. ఆ తర్వాత ఎన్ని నెలలకు మళ్లీ వస్తుందో తెలియదు. వాడంతా తిన్నా రెండు రోజుల్లో అయిపోదు, మూడో రోజుకు నిలవదు. అందుకే ముందు పోగులు వేసి ఇంటింటికీ పంచుకున్నారు, మిగిలినదాన్ని ఎండబెట్టుకున్నారు. ఈ రెండు అలవాట్లూ ఆ పరిస్థితిలో పుట్టినవే.

తునకలు చేయడం ఓపికతో కూడిన పని. ముందుగా కొవ్వును వేరు చేస్తారు, అది ఉంటే నిల్వలో చెడు వాసన వస్తుంది. కండను నరం వెంట కత్తితో విప్పుతూ వేలెడు వెడల్పున పొడవాటి పట్టీలుగా కోస్తారు. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద బట్టల్లా ఆరేస్తారు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, ముక్క పలుచగా ఉండడంతో కుళ్లకముందే ఎండిపోతుంది. చంద్రపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి ఆ ఎండలో పని తొందరగా అవుతుంది. వానాకాలంలో పొయ్యి మీదుగా తాడు కట్టి పొగకు ఆరబెట్టేవారు. పచ్చి మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే ఉంటుంది. అందుకే కిలో కూర ఎండితే పావుకిలో నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. బరువు తగ్గినా మాంసకృత్తులు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి.

ఈ తిండి వెనుక అవమానం కూడా ఉంది. చచ్చిన గొడ్డు మాంసం తినడాన్ని అంటరానితనానికి గుర్తుగా చూపించేవారు. 1927 మార్చిలో మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ ఆ మాంసం మానేయాలని పిలుపునిచ్చారు. నాగపూర్‌లో తాను బౌద్ధ దీక్ష తీసుకున్న రెండు రోజులకు, 1956 అక్టోబరు 16న, ఆయన చంద్రపూర్‌లోనూ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఈ ఉద్యమంతో చాలా ఇళ్లు ఆ చాకిరీనీ, ఆ మాంసాన్నీ వదిలేశాయి. అయినా ఎండబెట్టే విద్య పూర్తిగా పోలేదు. 2015లో షాహూ పటోలే మరాఠీలో ప్రచురించిన ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ పుస్తకం మరాఠ్వాడా దళితుల వంటలను నమోదు చేసింది, చాన్యాకు అక్షరాల్లో చోటు కల్పించింది.

గనులు వచ్చాక కూర వాటాగా కాకుండా సరుకుగా దొరకడం మొదలైంది. బల్లార్‌పూర్, ఘుగ్గుస్, దుర్గాపూర్ బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కూలీలను పిలిచాయి. 1929లో కాజీపేట–బల్లార్షా (బల్లార్‌పూర్ స్టేషన్) రైలు మార్గం పూర్తయ్యాక తెలంగాణ నుంచి రాకపోకలు సులువయ్యాయి. పొరుగున ఉన్న రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1980లలో చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం నడక మొదలయ్యాక దాని ఉద్యోగుల కాలనీగా ఊర్జానగర్ పెరిగింది. ఇలాంటి చోట్ల కూరకు డబ్బే ఆధారం. చేతిలో డబ్బున్న రోజు ఎక్కువ కొని కొంత ఎండబెట్టుకోవడం పాత విద్యకు కొత్త ఉపయోగమైంది.

కొన్న కూరను సాగదీసే వంటలు కూడా ఈ సీమలోనూ తెలంగాణలోనూ చాలానే ఉన్నాయి. తునకలను నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, చింతచిగురుతోనో గోంగూరతోనో వండుతారు. గుప్పెడు తునకలు పడితే కుండెడు పప్పుకు కూర రుచి వస్తుంది. మెత్తని కండ కొనలేనివారు బోటి, కార్జం, మూలుగ బొక్కలు తెచ్చుకుంటారు. హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో బొక్కలు, శనగపప్పు, సొరకాయ కలిపి దాల్చా వండుతారు. గోధుమలు, పప్పులు కలిపి ఉడికించే హలీం కొద్ది మాంసంతో ఎక్కువమందికి సరిపోతుంది. పెద్దకూరతో చేసే కల్యాణి బిర్యానీ మటన్ బిర్యానీ కొనలేనివారికి అందుబాటు ధరలో దొరికి పేరు తెచ్చుకుంది.

ఇటీవలి ధరల కథలో చట్టానికీ పెద్ద పాత్ర ఉంది. మహారాష్ట్ర పశు సంరక్షణ చట్టం 1976 నాటిది. మొదట అది ఆవుల వధను నిషేధించింది. 1995లో శాసనసభ ఆమోదించిన సవరణకు 2015 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం రావడంతో ఎద్దులు, కోడెలు కూడా నిషేధం కిందికి వచ్చాయి. ఇతర రాష్ట్రాల్లో వధించిన పశువుల మాంసాన్ని కలిగి ఉండడం నేరమన్న నిబంధనను 2016 మేలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, వధ మీద నిషేధాన్ని మాత్రం సమర్థించింది. దీంతో రాష్ట్రంలో చట్టబద్ధంగా వధించి అమ్మే పెద్దకూర గేదె, దున్నలదే. పశుగణన ప్రకారం మహారాష్ట్రలో గేదె జాతి పశువులు 2012లోనూ 2019లోనూ సుమారు 56 లక్షలే, పెరగలేదు. అదే కాలంలో ఆవులు, ఎద్దులు సుమారు 1.55 కోట్ల నుంచి 1.40 కోట్లకు తగ్గాయి. ముసలి ఎద్దును అమ్మి కొత్తది కొనుక్కునే దారి మూసుకుపోవడం రైతుకు కూడా నష్టమే. మరోవైపు గేదె మాంసం మీద విదేశీ గిరాకీ ఉంది: 2014–15లో దేశం నుంచి 14 లక్షల టన్నులకు పైగా ఎగుమతి అయింది. పాడికీ, ఎగుమతికీ, ఇంటి కుండకూ ఆ ఒక్క పశువే ఆధారమైతే ధర మీద ఒత్తిడి తప్పదు.

ధర పెరగడం ఇక్కడి సమస్య మాత్రమే కాదు. అమెరికాలో కరువుల దెబ్బకు పశువుల సంఖ్య 2025 ఆరంభంలో 1951 తర్వాత ఎన్నడూ లేనంత తగ్గింది, తెలుగువారు ఎక్కువగా ఉండే నగరాల దుకాణాల్లోనూ బీఫ్ ధరలు మండిపోయాయి. ఎండు మాంసపు విద్య కూడా ప్రపంచమంతటా ఉంది. ఆండీస్ కొండల కెచువా ప్రజల చార్కి నుంచే జెర్కీ అనే పేరు వచ్చింది, దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్ చేస్తారు. అవి రంగురంగుల పొట్లాల్లో ఖరీదైన చిరుతిండిగా అమ్ముడవుతున్నాయి. తునకలది కూడా అదే శాస్త్రం, అంతే నైపుణ్యం. వెట్టిచాకిరీ కాలంలో ఆకలిని దాటడానికి పుట్టిన ఈ విద్య, గనుల కాలంలో జీతపు డబ్బును నెలాఖరు దాకా సాగదీసింది, ధరల కాలంలో పావుకిలోతో పప్పుకుండను నిలబెడుతోంది. దాన్ని కాపాడుకొచ్చింది వాడల్లోని ఆడవాళ్ల చేతులు. వంటల చరిత్రలో వారికి గౌరవమైన చోటు దక్కాలి.